బెర్నార్ పాలిసీ

మన ఇండ్లలో ఆవకాయ నిలువచేయు జాడీని ఎఱుగనివారుండరు. జాడీయు మన్నే, కుమ్మరి చేసిన కుండయు మన్నే. కాని కుండలో నూనె పోసినచో అది మెల్లమెల్లగా వెలికి ఊఱును. జాడీ ఏండ్లకొలది చుక్కయైనను జాఱనీయదు. ఈ భేదమునకు కారణము జాడీమీద నున్న గాజువంటి పూత. ఆ పూత మన్నుపై నిలిచి మెఱయవలెనన్నచో ఏ ద్రవ్యములను ఏ పాళ్ళలో నూఱవలెనో, ఎంత వేడిలో కాల్చవలెనో తెలిసియుండవలెను. నేడు ఈ విద్యను కళాశాలలలో నేర్పుచున్నారు. పదునాఱవ శతాబ్దమున ఐరోపాలో అట్లు కాదు. ఈ రహస్యమును ఎఱిగిన పనివారు దానిని తమ పనిశాల గడప దాటనీయక కాపాడుకొనుచుండిరి. బయటివానికి ఆ వాకిలి తెఱచుకొనదు. అట్టి కాలమున, గురువు లేక, ధనము లేక, ఒక్క గిన్నెను చూచినంతమాత్రమున ఆ రహస్యమును సాధింపబూని, పదునైదు పదునాఱేండ్లు నిప్పుతో పోరాడినవాడు ఫ్రెంచి కళాకారుడు బెర్నార్ పాలిసీ. అతడు మన్నుతో ఎంత గొప్పవాడో కలముతోను అంత గొప్పవాడు.

పాలిసీ 1510 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు నైరృతి భాగములో, అజాన్ పట్టణ పరిసరములందు జన్మించెను. అతడు మొదట నేర్చినది గాజుపై చిత్రములు వ్రాయు పని. క్రైస్తవ దేవాలయముల కిటికీలకు రంగుల గాజుముక్కలను సీసపు పట్టీలతో కూర్చి బొమ్మలుగా అమర్చుట ఆ వృత్తి. పాలిసీకి చదువను వ్రాయను వచ్చును గాని, అది తల్లిభాషయైన ఫ్రెంచిలో మాత్రమే. లాటిను, గ్రీకు భాషలు రావు. ఆ రోజులలో ఆ రెండు భాషలు రానివానిని పండితుడుగా ఎవ్వరును ఎంచెడివారు కారు. ఈ లోటు అతనిని జీవితమంతయు వెంటాడెను. తుదకు అతడే దానిని ఎదుర్కొనిన విధమును ముందు చూడగలము.

గాజుచిత్రముల పనికి గిరాకి తగ్గుచుండెను. పాలిసీ పని వెదకికొనుచు ఊరూరు తిరిగెను. తిరుగునప్పుడు నేలల రంగులను, కొండలలోని రాళ్ళను, ఊటలు పుట్టు చోట్లను శ్రద్ధగా పరిశీలించెడివాడు. తరువాత సముద్రతీరమునకు చేరువనున్న సాంతొంజ్ సీమలో, సాంత్ అను పట్టణమున కాపురము పెట్టెను. పెండ్లియాయెను, పిల్లలు కలిగిరి. గాజుపని లేనప్పుడు భూములు కొలిచి పటములు గీయుట వలన నాలుగు రూకలు వచ్చెడివి.

ఆ కాలమున, సుమారు 1540లో, ఎవ్వరో అతనికి ఒక మట్టిగిన్నెను చూపిరి. సారెపై చేసి, తెల్లని మెఱుగుపూత పూసిన గిన్నె అది. అది ఏ దేశమునుండి వచ్చినదో అను విషయమున పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. పాలిసీ దానిని చూచి, ఆ తెల్లని పూత తనకు పట్టుపడినచో దానిపై ఏ రంగునైనను ఎక్కింపవచ్చునని ఊహించెను. గాజుపై రంగులను కాల్చి నిలుపుట అతనికి అలవాటే. తగ్గిపోవుచున్న తన వృత్తికి మాఱుగా క్రొత్త బ్రదుకుతెరువు ఆ గిన్నెలో కనబడెను. ఐతే అతనికి మన్ను పిసుకుటయే రాదు. ఆవము పేర్చుట అంతకన్నను రాదు.

అతడు బజారులో మట్టికుండలు కొని వానిని పెంకులుగా పగులగొట్టెను. తనకు తోచిన ద్రవ్యములను నూఱి ఒక్కొక్క పెంకుపై ఒక్కొక్క మిశ్రమమును పూసి, పెంకునకు గుర్తు పెట్టి, ఆ గుర్తును కాగితముపై వ్రాసికొనెను. తానే ఒక ఆవమును కట్టి కాల్చెను. ఒక్కటియు కరగలేదు. ఆవమును మార్చి కట్టెను. మఱల కరగలేదు. అప్పుడు మూడు నాలుగు వందల పెంకులను కొంత దూరమున నున్న కుమ్మరుల యొద్దకు పంపి వారి ఆవములలో కాల్పించెను. ఫలితము మునుపటిదే. కుండలు కాలుటకు చాలిన వేడి, పూత కరగుటకు చాలదు. ఈ సంగతి అతనికి అప్పుడు తెలియదు, చెప్పువారును లేరు. ఇట్లు కొన్ని యేండ్లు గడచెను. ఇంటిలో ధాన్యము నిండుకొనెను. చేయునది లేక అతడు ప్రయత్నమును విడిచి గాజుపనికి మరలెను.

1543లో ఒక అవకాశము వచ్చెను. ఫ్రాన్సు రాజు సాంతొంజ్ సీమలో ఉప్పుపన్నును విధింపదలచి అధికారులను పంపెను. ఉప్పుమళ్ళ కొలతలు తీసి పటము గీయుటకు వారికి పనివాడు కావలసివచ్చెను. ఆ పని పాలిసీకి దొరకెను. అది ముగియునప్పటికి అతనిచేతిలో కొంత ధనము నిలిచెను. మఱియొకడైనచో అప్పులు తీర్చి, మిగిలిన దానితో ఇల్లు చక్కబెట్టుకొనును. పాలిసీ మఱల కుండలు కొనెను.

ఈమాఱు అతడు కుమ్మరుల ఆవమును నమ్మలేదు. తన పెంకులను గాజు కరగించు బట్టీకి తీసికొనిపోయెను. గాజు బట్టీలోని వేడి ఎక్కువ. కొన్ని మిశ్రమములు కరగ మొదలిడెను. ఆ చిన్న సూచనను పట్టుకొని అతడు మఱి రెండేండ్లు బట్టీకిని ఇంటికిని తిరిగెను. తుదకు, ఇదియే చివరిసారి యనుకొని, మూడు వందలకు పైగా పెంకులను ఒక్కమాఱే బట్టీలో పెట్టించెను. నాలుగు గంటలలో వానిలో ఒక్క పెంకుపై పూత కరగెను. చల్లార్చి చూడగా అది తెల్లగా, నున్నగా మెఱయుచుండెను. ఆ పెంకును చేతబట్టుకొని అతడు పొందిన సంతోషమునకు మేర లేదు. పెంకుపై సాధించినది కుండపై సాధించినట్లే యని అతడు తలచెను. ఆ తలపు పొరపాటు.

తన పనికి తగిన ఆవము గాజు బట్టీవలె ఉండవలెనని గ్రహించి దానిని తన ఇంటియొద్దనే కట్టబూనెను. కూలివానిని పెట్టుకొను శక్తి లేదు. ఇటుకలను తానే వీపున మోసితెచ్చెను. నీరు తానే తోడెను. అడుసు తానే కలిపెను. పాత్రలు చేయుటకు ఏడెనిమిది నెలలును, పూతద్రవ్యములను రేయింబవళ్ళు నూఱుటకు నెలకు మించియు పట్టెను. పిమ్మట పాత్రలకు పూత పూసి, ఆవములో పేర్చి, రెండు వాకిళ్ళనుండియు నిప్పు పెట్టెను. ఆఱు పగళ్ళు, ఆఱు రాత్రులు కట్టెలు వేయుచునే యుండెను. పూత కరగలేదు. దానిలో కరగించు ద్రవ్యము తక్కువయైనదేమో యని అనుమానించి, ఆవము చల్లాఱనీయకయే క్రొత్త మిశ్రమము నూఱి, క్రొత్త కుండలు కొని, పూత పూసి మఱల పెట్టెను. ఇంతలో కట్టెలు ఐపోయెను. మంట తగ్గినచో నెలల శ్రమ బూడిదయగును. అతడు తోటలోని పందిరిగుంజలను పెఱికి ఆవములో వేసెను. అవియు ఐపోయెను. ఇంటిలోని బల్లలను వేసెను. తుదకు నేలపై పఱచిన చెక్కపలకలను ఊడదీసి వేసెను.

ఇల్లు కాల్చుకొనుచున్నాడని ఊరిలో పుకారు పుట్టెను. వెఱ్ఱి యెత్తినదని కొందఱు, దొంగనాణెములు చేయుచున్నాడని కొందఱు చెప్పుకొనిరి. ఆవపు సెగకు చెమటతో తడిసిన అతని చొక్కా నెలకు పైగా ఆఱలేదు. అప్పులవారు వాకిట నిలిచిరి. పాలు త్రాగు బిడ్డలిరువురు దాదుల యింట నుండగా, వారికి ఈయవలసిన జీతము బాకీ పడెను.

ఇచట ఆ యిల్లాలి పక్షమును గూడ తలంపవలెను. పాలిసీ కథను చెప్పువారిలో పెక్కురు ఆమెను గయ్యాళిగా చిత్రింతురు. ఆమెకు ఆ తెల్లని పెంకు అన్నము పెట్టలేదు. బిడ్డలకు తిండి సమకూర్పవలసినది ఆమె. కూర్చుండుటకు బల్లయు, నడచుటకు నేలయు లేని యింటిలో ఊరివారి మాటలు పడవలసినదియు ఆమెయే. భర్త ప్రయత్నము ఫలించునని ఆమెకు హామీ యిచ్చువారెవ్వరు? అతనికే తెలియదు. తాను కుటుంబమును ఎంత బాధపెట్టెనో పాలిసీ వృద్ధాప్యమున తన పుస్తకములో దాచక వ్రాసికొనెను.

ఆ పరీక్ష అతనికి దారి చూపెను గాని డబ్బు నీయలేదు. ఒక కుమ్మరిని సాయము పెట్టుకొని ఆఱునెలలు పని చేయించెను. జీతమీయలేక తన ఒంటిమీది బట్టలనే కొన్నింటిని అతనికిచ్చి పంపెను. పాత ఆవమును విప్పి దాని యిటుకలతో క్రొత్తది కట్టెను. గాజువలె గట్టిపడిన అడుసు కోసికొనగా, వ్రేళ్ళకు గుడ్డలు చుట్టుకొని భోజనము చేయవలసివచ్చెను. ఈమాఱు పూత చక్కగా కరగెను. కాని ఆవము కట్టిన అడుసులో చెకుముకిరాళ్ళ ముక్కలున్నవి. అవి వేడికి పగిలి, కరగుచున్న పూతపైకి చిమ్మి అతుకుకొనెను. పూత ఎంత అందముగా నున్నను, పాత్రపై చేయిపెట్టినచో ఱాతి మొనలు గీసికొనుచుండెను. అప్పులవారు ఆనాడు తమ బాకీ తీఱునని వచ్చి కూర్చుండిరి. తక్కువ ధరకైనను ఆ పాత్రలను కొనెదమని కొందఱు ముందుకు వచ్చిరి. ఆ డబ్బుతో అప్పు కొంతయైనను తీఱియుండును. పాలిసీ వానినన్నిటిని పగులగొట్టెను. లోపమున్న సరకు తన పేర బయటికి పోయినచో తరువాత మంచి సరకును గూడ ఎవ్వరును నమ్మరని అతని తలంపు. ఆ దినమున అతడు మంచమెక్కి పడుకొనెను. ఇంటివారు గాని, పొరుగువారు గాని అతనిని ఓదార్పలేదు.

కొన్ని దినములకు లేచి మఱల పనిలో ప్రవేశించెను. తరువాతి ఆవమున బూడిద ఎగిరి పూతపై పడెను. అందులకు అతడు ప్రతి పాత్రను కప్పి కాల్చుటకు మట్టితో గూళ్ళవంటి పెట్టెలను చేసెను. ఆపైన రంగుల చిక్కు వచ్చెను. ఒక్కొక్క రంగు ఒక్కొక్క వేడిలో కరగును. బల్లి ఆకుపచ్చ మాడిపోవుచుండగా పాముపైని రంగు ఇంకను కరగక యుండెడిది. అన్ని రంగులును ఒకే మంటలో ఒకే కాలమున కరగునట్లు పాళ్ళు కుదుర్చుటకు ఏండ్లు పట్టెను. పైకప్పు సరిగా లేని పాకలో, వానలో గాలిలో, రాత్రులందు గుడ్లగూబల కూతలు వినుచు పని చేసెను. ఇట్లు మొత్తము పదునైదు పదునాఱేండ్లు గడచెను.

ఈ శ్రమ ఫలించి పుట్టిన పాత్రలు ఐరోపాలో అంతకు ముందెవ్వరును చూడనివి. పెద్ద పళ్ళెము నడుమ ఏటిగట్టువలె ఇసుక, గవ్వలు, నాచు, ఫెర్ను ఆకులు. వానిమధ్య చుట్టుకొన్న పాము, చేప, కప్ప, ఎండ్రకాయ, బల్లి. ఇవి ఊహించి చేసిన బొమ్మలు కావు. నిజమైన ప్రాణులనుండి అచ్చులు తీసి, ఆ అచ్చులలో మన్ను నింపి చేసినవి. చేప పొలుసులును, ఆకుల ఈనెలును లెక్కపెట్టదగినంత స్పష్టముగా నుండును. ఆ పళ్ళెములలో అన్నము తినుటకు వీలు లేదు. అవి చూచుటకే.

అప్పుడు గొప్పవారి కన్ను అతనిపై పడెను. ఉప్పుపన్నుపై సాంతొంజ్ ప్రజలు తిరుగబడగా, దానిని అణచుటకు 1548లో ఫ్రాన్సు సేనాధిపతి ఆన్ ద మొంమొరాన్సీ ఆ ప్రాంతమునకు వచ్చెను. ఆ ప్రభువు పాలిసీ కళను మెచ్చి, తన కొఱకు పింగాణి శిల్పములతో ఒక కృత్రిమ గుహను నిర్మింప నియోగించెను. పనిశాల నిర్మించుకొనుటకు సాయమును చేసెను.

పాలిసీ ప్రొటెస్టెంటు మతమును అవలంబించినవాడు. 1562లో ఫ్రాన్సున కాథలిక్కులకును ప్రొటెస్టెంటులకును అంతర్యుద్ధము చెలరేగెను. అతనిని పట్టి బోర్డో నగరమున చెఱసాలలో నుంచిరి. పనిశాలపై జనము పడి కొంత భాగమును ధ్వంసము చేసిరి. ప్రాణమునకే ముప్పు వచ్చిన ఆ తరుణమున మొంమొరాన్సీ రాజమాత కాథరీన్ ద మెడిసికి విన్నవించి అతనిని విడిపించెను. రాజునకును రాజమాతకును పింగాణి కళాకారుడను బిరుదు అతనికి లభించెను. ఆ బిరుదు అలంకారము మాత్రమే కాదు. రాజసేవకుడగుటచే ప్రాంతీయ న్యాయాధిపతులు అతనిని శిక్షింపజాలకపోయిరి. అతని మతము కాని రాణియే, అతని మతము కాని సేనానియే అతనిని కాపాడిరి. కుండలు కాపాడెనని చెప్పినను తప్పులేదు.

చెఱవిడిచిన యేడే, 1563లో, పాలిసీ తన మొదటి గ్రంథమును లా రొషేల్ పట్టణమున ప్రకటించెను. అందు తోటలు వేయు విధమును, వ్యవసాయమును గూర్చి వ్రాసెను. ఎరువును పొలములో కుప్పగా పోసి వానలో వదలినచో దానిలోని సారము కరగి కుప్ప క్రిందికే దిగిపోవుననియు, అందుచేతనే కుప్ప పోసిన చోట పైరు ఏపుగా పెరిగి తక్కిన పొలమున బలహీనమగుననియు అతడు కనిపెట్టి చెప్పెను. మన రైతులు నేటికిని చూచు సంగతియే ఇది.

1567 ప్రాంతమున అతడు పారిస్ చేరెను. కాథరీన్ రాణి అచట త్విలరీ అను క్రొత్త ప్రాసాదమును కట్టించుచుండెను. ఆ తోటలో ఒక గుహను అలంకరించు పని పాలిసీకి అప్పగింపబడెను. ప్రాసాదపు ఆవరణములోనే ఆవములు కట్టుకొని, తనవారి తోడ్పాటుతో అతడు పని సాగించెను. 1572లో పారిస్‌లో ప్రొటెస్టెంటులను వేలకొలదిగా చంపినప్పుడు అతడు ప్రాణములతో బయటపడి, కొంతకాలము సెదాన్ పట్టణమున తలదాచుకొని మరల వచ్చెను.

1575లో, అరువదియైదేండ్ల వయస్సున, పాలిసీ విచిత్రమైన పనికి పూనుకొనెను. నీటిబుగ్గలను గూర్చి, రాళ్ళను గూర్చి, లోహములను గూర్చి తాను ఉపన్యసింతునని పారిస్ వీథుల కూడళ్ళలో ప్రకటనలు అంటించెను. ప్రవేశ రుసుము ఒక బంగారు నాణెము. చెప్పినదానిలో అబద్ధమున్నట్లు రుజువు చేసినచో నాలుగింతలు తిరిగి యిత్తునని ఆ ప్రకటనలోనే వ్రాసెను. ఇది లాటిను రాని కుమ్మరి నగర పండితులందఱితో వేసిన బహిరంగపు పందెము. ఊరకే వచ్చువారు మాట్లాడక పోవుదురు. డబ్బిచ్చి వచ్చినవాడు తప్పు పట్టక మానడని అతని యుక్తి. గ్రీకు లాటినులలోని ప్రాచీన గ్రంథములను ఔపోసన పట్టినవారు తనను ఖండింపగలరేమో తెలిసికొనుటయే అతని కోరిక. వైద్యులు, శస్త్రచికిత్సకులు, న్యాయవాదులు వచ్చిరి. రాజవైద్యుడుగా ప్రసిద్ధి కెక్కిన ఆంబ్రాజ్ పారే వారిలో ఒకడు. తన సేకరణలోని రాళ్ళను, శిలలలోని గవ్వలను వారి ముందుంచి పాలిసీ మాట్లాడెను. నాలుగింతలు ఈయవలసిన అవసరము అతనికి రాలేదు. పదేండ్లకు దగ్గఱగా ఆ ఉపన్యాసములు సాగెను.

అతడు చెప్పిన విషయములు స్వల్పమైనవి కావు. ఊటలును నదులును వాననీటి వలననే పుట్టుచున్నవని చెప్పెను. సముద్రపు నీరు భూగర్భ మార్గముల ద్వారా వచ్చి నదులగునని నాటి పండితులలో పెక్కుర విశ్వాసము. కొండరాళ్ళలో దొరకు గవ్వలు ఒకప్పుడు ప్రాణమున్న జీవులవే యనియు, అవి బ్రదికిన నీటి తావులలోనే రాయిగా మాఱినవనియు చెప్పెను. ఈ రెండు మాటలును తరువాతి శాస్త్రమున నిలిచినవి.

1580లో ఆ ఉపన్యాసముల సారమును గ్రంథముగా అచ్చువేసెను. అది సిద్ధాంతము, అనుభవము అను ఇరువురు వ్యక్తుల సంభాషణ. అనుభవము గురువు, సిద్ధాంతము శిష్యుడు. పింగాణిని గూర్చిన భాగమున సిద్ధాంతము పూత రహస్యమును చెప్పుమని బ్రతిమాలును. అనుభవము తొందరగా చెప్పదు. ఎనామెలు బొత్తాములు మొదట మంచి వెలకు అమ్ముడుపోయెననియు, పనివారు ఒకరికొకరు పోటీగా చేసి చేసి తుదకు వానిని పెట్టుకొనుటకే జనులు సిగ్గుపడునంత చౌక చేసికొనిరనియు, గాజు వృత్తియు అట్లే దిగజాఱెననియు చెప్పును. ఆ గాజు వృత్తి పాలిసీ తన యౌవనమున వదలినదే. తరువాత తన కష్టముల కథనంతయు చెప్పి, తగరము, సీసము, ఇనుము, రాగి మొదలగు ద్రవ్యముల పేర్లను మాత్రము తెలిపెను. పాళ్ళు చెప్పలేదు. భూమిని, నీటిని, ఎరువును గూర్చి తెలిసిన ప్రతి విషయమును లోకమునకు పంచినవాడు ఈ ఒక్కదానిని దాచుకొనెను. పదునాఱేండ్లు చెల్లించిన వెలను తలచినచో అతనిని నిందించుట కష్టము. పంచియుండినచో బాగుండుననియు అనిపింపక మానదు.

దేశమున మతవైరము మఱల ముదిరెను. ప్రొటెస్టెంటులు మతమైనను మార్చుకొనవలెను, దేశమైనను విడువవలెను. ఎనుబదియేండ్లకు చేరువైన పాలిసీ రెండును చేయలేదు. 1588లో అతనిని బంధించి తరువాత బాస్టిల్ కారాగారమున వేసిరి. రాజు స్వయముగా చెఱసాలకు వచ్చి మతము మార్చుకొనుమని కోరగా అతడు నిరాకరించెనని ఒక కథ ప్రసిద్ధమైయున్నది. చరిత్రకారులు దానిని నమ్మరు. కాపాడుటకు ఈమాఱు మొంమొరాన్సీ లేడు. అతడు 1567లోనే యుద్ధమున గాయపడి మరణించెను. రాజమాత 1589 జనవరిలో కన్నుమూసెను. 1590లో, లేమిచేతను నిర్బంధపు బాధలచేతను పాలిసీ ఆ కారాగారముననే మరణించెను. మరణమునకు ముందు, తాను సేకరించిన వానిలో ఒక రాతిని పారిస్‌లోని ఒక మిత్రునికి పంపెను. ఆ మిత్రుడు దానిని తన గదిలో భద్రపఱచుకొనెను.

త్విలరీ గుహ మిగులలేదు. ఆ ప్రాసాదము 1871లో తగులబడి, తరువాత కూల్పబడెను. ఐతే 1980 తరువాతి యేండ్లలో లూవ్రు ప్రదర్శనశాల విస్తరణకై ఆ నేలను త్రవ్వినప్పుడు పాలిసీ పనిశాల అవశేషములు బయటపడెను. ఆవపు శిథిలములు, పూత సరిగా కరగని వేలకొలది పెంకులు, వానితోపాటు బల్లులనుండియు, చేపలనుండియు, గవ్వలనుండియు అతడు తీసిన అచ్చులు అందు దొరకెను. వానిలో కొన్ని పారిస్ సమీపమున ఎకువాన్ కోటలోని ప్రదర్శనశాలలో నున్నవి. ఆ కోట ఒకప్పుడు మొంమొరాన్సీది.